మంత్రిగారి తాతగారి తొలి రాయి

చరిత్ర లేని పేట అంటూ తన నియోజకవర్గంలో ఒక్కటి కూడా మిగలకూడదని మంత్రిగారు మైకు ముందు ప్రకటించారు. చర్చి వీధి చరిత్ర మొత్తం నలభై రోజుల్లో సేకరించి, అచ్చు వేయించి, విడుదల కూడా చేసేస్తామన్నారు. "ప్రజల చరిత్ర ప్రజల నోటి నుంచే రావాలి" అన్నారు. ఆ తర్వాత గంటా పది నిమిషాల పాటు అది ఆయన నోటి నుంచే వచ్చింది. చివర్లో గొంతు తగ్గించి, ఆ వీధి చర్చికి తొలి రాయి వేసిన మహానుభావుడు తన తాతగారేనని చెప్పి కళ్లు తుడుచుకున్నారు.

పురపాలక కార్యాలయం టైపిస్టు వెనక వరుసలో కూర్చుని అందరితోపాటు చప్పట్లు కొట్టింది. మర్నాడు పొద్దున ఆవిడనే చరిత్ర అధికారిగా నియమించారు. అదనపు బాధ్యత. జీతం మారలేదు గానీ బల్ల మారింది. కిటికీ పక్కనుండేది మెట్ల కిందకి వెళ్లింది. ఒక రికార్డరూ, ఒక ఫారమూ చేతికిచ్చారు. ఫారంలో మొదటి ప్రశ్న: మంత్రిగారి తాతగారు మీకు చేసిన మేలు ఏమిటి? రెండో ప్రశ్న: ఇంకా ఏమేం మేళ్లు చేశారు?

చర్చిలో పాస్టరుగారు ఇనప బీరువా తాళంలో నూనె పోశారు. నూనెతో పని కాక ప్రార్థన చేశారు. చివరికి మోకాలితో ఒక్కటిచ్చారు. తలుపు తెరుచుకుంది. లోపల మూడు రకాల పుస్తకాలున్నాయి: బాప్తిస్మాలవి, పెళ్లిళ్లవి, సమాధులవి.

"మనిషి సంగతి చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలమ్మా" అన్నారాయన దుమ్ము దులుపుతూ.

టైపిస్టుకి మొదట్లో విసుగేసింది. రెండు రోజులు చదివేసరికి మెట్ల కింద బల్ల సంగతే మరిచిపోయింది. వరద వచ్చిన ఏడాది అప్పటి పాస్టరు రాసుకున్నాడు: "చర్చి బల్లలను తెప్పలుగా కట్టి ముప్పది యిద్దరిని దాటించితిమి. ఒక బల్ల తిరిగి రాలేదు." ఆ ఒక్క బల్ల ఎటు పోయి ఉంటుందా అని ఆవిడ ఇంట్లో అన్నం తింటూ కూడా ఆలోచించింది.

నోటి చరిత్ర కావాలంటే కత్తెరమ్మ దగ్గరికి వెళ్లమన్నారు పాస్టరుగారు. ఊళ్లో సగం మందికి బొడ్డు కోసిన మంత్రసాని ఆవిడ. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు.

"అడిగినవన్నీ చెప్తాను తల్లీ. కానీ ముందు నేను పుట్టానని మీ ఆఫీసులో చెప్పు" అంది కత్తెరమ్మ.

"అదేంటి మామ్మా?"

"ముసలాళ్ల పింఛనుకి మూడుసార్లు అర్జీ పెట్టాను. పుట్టినట్టు కాగితం లేదుట. కాగితం లేకపోతే వయసూ లేదుట. నా మోకాళ్లు చూపించాను. మోకాళ్లు చెల్లవన్నారు."

టైపిస్టు ఆవిడనే అసలు పేరు అడిగి, బాప్తిస్మాల పుస్తకం తిరగేస్తే దొరికింది. కత్తెరమ్మకి తొంభై ఒక్కేళ్లు. ఆ పుటకి నకలు తీసి తన ఆఫీసు సూపరింటెండెంటుకే ఇచ్చింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని చదివి, తీసేసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"చర్చి పుస్తకం ప్రభుత్వ రికార్డు కాదమ్మా. ఎవరో పాస్టరు రాసుకున్న డైరీలాంటిది. పాపం, ముసలావిడ పుట్టే ఉంటుంది. నాకూ అలాగే అనిపిస్తోంది. అనిపించడం మీద సంతకం పెట్టలేను కదా."

ఈలోగా మంత్రిగారి పి.ఏ. రోజుకి రెండుసార్లు ఫోను చేస్తున్నాడు.

"రాయి దొరికిందా?"

"సార్, చర్చి కట్టి నూట పన్నెండేళ్లయింది. తాతగారు అప్పటికింకా పుట్టనేలేదు."

"మహానుభావుల విషయంలో తేదీలు చూడకూడదు. వెతకండి."

వేరే దారి లేక ఆవిడ కత్తెరమ్మనే అడిగింది.

"వేశాడు. నా కళ్లారా చూశాను" అంది కత్తెరమ్మ.

"ఈ చర్చికేనా?"

"ఈ చర్చికే. తూర్పు కిటికీకి. నా పెళ్లి జరుగుతుండగా."

"ఎందుకు మామ్మా?"

"నన్ను చేసుకుంటానన్నాడు. నేను కాదన్నాను. మనిషి మంచివాడేగానీ తల్లీ, మంచినీళ్లు అడిగినా ప్రసంగం చేసేవాడు."

పెళ్లిళ్ల పుస్తకం నలభై ఒకటో పుట అంచున గొలుసుకట్టు రాతలో ఆ సంగతి నిజంగానే ఉంది. టైపిస్టు ఆ రోజు మూడు కాగితాలు మిషనుకి ఎక్కించి మూడూ చింపేసింది. ఉన్నది ఉన్నట్టు రాస్తే బదిలీ. మార్చి రాస్తే ఆ పుస్తకాన్ని మళ్లీ ముట్టుకోవడానికి చెయ్యి రాదు. నాలుగో కాగితం మీద ఒక్క వాక్యం కొట్టింది: "రిజిస్టరు ప్రకారం ఈ చర్చికి తొలి రాయి వేసినది మంత్రిగారి తాతగారే. చూడుడు: పెళ్లిళ్ల పుస్తకం, పుట 41."

పి.ఏ. చూడలేదు. సంతోషం పట్టలేక ఆ సాయంత్రానికే ఒక ఉత్తర్వు తెప్పించాడు: చర్చి వీధి రిజిస్టర్లన్నీ ఇకమీదట తిరుగులేని ప్రభుత్వ ఆధారాలు. ఉత్తర్వు మీద సిరా తడి ఆరకముందే టైపిస్టు కత్తెరమ్మ ఫైలు తీసుకుని సూపరింటెండెంటు ముందు నిలబడింది.

"ఇప్పుడైతే చెల్లుతుంది" అన్నాడాయన. "అక్షరం అక్షరం చెల్లుతుంది. వచ్చే సోమవారం మామ్మగారిని వేలిముద్రకి తీసుకురండి."

శుక్రవారం మంత్రిగారు స్వయంగా కత్తెరమ్మను ఇంటర్వ్యూ చేశారు. రికార్డింగు నలభై ఏడు నిమిషాలు నడిచింది. అందులో నలభై ఆరు మంత్రిగారివి. టైపు చేసిన ప్రతిలో కత్తెరమ్మ పేరు ఎదుట ఎక్కువగా "ఊఁ" అనే ఉంది. ఆఖరి నిమిషం మాత్రం ఇలా సాగింది.

"మా తాతగారు రాయి వేసినప్పుడు మీరు అక్కడే ఉన్నారామ్మా?"

"లోపలే ఉన్నాను నాయనా."

"ఆయన చెయ్యి ఎలాంటిదంటారు?"

"గట్టి చెయ్యి. ఒక్క దెబ్బకే అయిపోయింది."

"జనం ఏమన్నారు?"

"అందరూ లేచి నిలబడ్డారు. కొందరు ఆయన వెంట పరిగెత్తారు కూడా."

"చూశారా, అప్పుడే జనం ఆయన వెంట ఉన్నారు!" అన్నారు మంత్రిగారు. పి.ఏ. చప్పట్లు కొట్టాడు. టైపిస్టు తల దించుకుని రికార్డరు మీటలు పరిశీలించింది.

ఆదివారం పుస్తకం విడుదల. చరిత్రకి సాక్ష్యం అందరికీ కనబడాలని నలభై ఒకటో పుటను నిలువెత్తు తెర మీద అచ్చు వేయించి వేదిక వెనక కట్టారు. పుస్తకంలో చీమల బారులా ఉన్న రాత ఆ కొలతలో ఎవరైనా చదవగలిగేలా తేలింది. మంత్రిగారు దానికి వీపు పెట్టి మాట్లాడుతుండగా, మొదటి వరుసలో ఒక ముసలాయన తాతగారి పేరు దగ్గర్నుంచి కూడబలుక్కుని పైకి చదవడం మొదలుపెట్టాడు:

"వధూవరులు ప్రమాణములు చేయుచుండగా... పై వ్యక్తి వీధిలోనుండి రాయి విసిరి... తూర్పు కిటికీ అద్దము పగులగొట్టెను. ఈ చర్చిపై రాయి పడుట ఇదే ప్రథమము. పెండ్లికూతురికి దెబ్బ తగలలేదు. దేవునికి స్తోత్రము."

"ఆయన బాటలోనే నేనూ నడుస్తున్నాను!" అన్నారు మంత్రిగారు సరిగ్గా అప్పుడే. జనం కుర్చీల్లోంచి జారిపడేలా నవ్వారు. తన సభకి ఇంత స్పందన ఎప్పుడూ రాలేదని ఆయన మరో అరగంట పొడిగించారు.

సోమవారం పత్రికల్లో మంత్రిగారి ఫొటో కంటే తెర ఫొటో పెద్దదిగా వచ్చింది. తొమ్మిదింటికి నిపుణుల కమిటీ ఏర్పడింది. తొమ్మిదిన్నరకి సదరు రిజిస్టర్లు తప్పులతడకలని ఏకగ్రీవంగా తేల్చింది. పదిన్నరకి పాత ఉత్తర్వు రద్దయింది. టైపిస్టు దగ్గర్నుంచి రికార్డరు వెనక్కి తీసుకుని, చరిత్ర పూర్తయింది గనక ఆవిడని ఆ బాధ్యత నుంచి తప్పించారు.

పదకొండింటికి ఆవిడ కత్తెరమ్మను చెయ్యి పట్టుకుని కౌంటరు దగ్గరికి నడిపించుకొచ్చింది. వెనక పదిమంది వరసలో ఉన్నారు. సూపరింటెండెంటు ఫైలు తెరిచే ఉంచాడు. దాని పక్కన రద్దు ఉత్తర్వు ఉంది.

"నిన్నటిదాకా పుట్టారు మామ్మగారూ" అన్నాడాయన ఎంతో మర్యాదగా. "ఇవాళ పొద్దున పదిన్నర నుంచి పుట్టలేదు."

టైపిస్టుకి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కత్తెరమ్మ మాత్రం కౌంటరు మీద మోచెయ్యి ఆనించి ఊపిరి తీసుకుంది.

"సరే నాయనా. నేను పుట్టనేలేదు. మరి నిన్ను బయటికి లాగిందెవరు?"

కలం ఆగింది. "నన్నా?"

"నిన్నే. కాళ్లు ముందొచ్చాయి. మీ అమ్మ ప్రాణం కళ్లలోకొచ్చింది. మీ నాన్న భయపడి అటకెక్కి కూర్చున్నాడు. నువ్వు ఏడవలేదు. వీపు మీద నాలుగు వేస్తేగానీ నోరు తెరవలేదు."

వరసలో వాళ్లు నవ్వారు. సూపరింటెండెంటు నవ్వలేదు. చుట్టూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఏ వేళప్పుడు మామ్మా? మా అమ్మ ఎప్పుడూ చెప్పలేదు. నేను అడిగేలోపే పోయింది."

"చెప్తాగానీ, నిలబడలేను."

ఆయన లేచి తన కుర్చీ తెచ్చి ఇవతల వేశాడు. వెనక నుంచి ఎవరో "మరి నేను మామ్మా? పెంకుటింటి కంసాలి కొడుకుని" అన్నారు. ఇంకెవరో ముందుకి తోసుకొచ్చారు. పింఛను ఫైలు తెరిచినచోటే సంతకం లేకుండా ఉండిపోయింది. ఇప్పటికీ అలాగే ఉంది.

టైపిస్టు బల్ల మీద కాగితం కోసం వెతికింది. తెల్లకాగితం ఒక్కటీ లేదు. రద్దు ఉత్తర్వును తీసి బోర్లా తిప్పింది. సూపరింటెండెంటు చూసి కూడా వద్దనలేదు. తన కలమే ఇచ్చాడు.

"కుడికాలు ముందా, ఎడమకాలా మామ్మా?" అని అడిగింది టైపిస్టు.