తిర్సా బతికే ఉంది

గురువారం పొద్దున్నే మెరవ్ తన భర్త గిలాద్‌కు అప్పజెప్పిన పనులు మూడే. ప్రార్థనామందిరానికి వెళ్ళి, ఆదివారం పుట్టిన పాపకు పేరు పెట్టించడం. తుంటి విరిగి ఆస్పత్రిలో ఉన్న మెరవ్ అమ్మమ్మ ఆరోగ్యం కోసం ప్రార్థన చేయించడం. వస్తూ వస్తూ బేకరీలో కిలో చాక్లెట్ చుట్టలు పట్టుకురావడం. ఎనిమిదింటికల్లా ఇంట్లో ఉండాలి.

"మూడే పనులు గిలాద్," అంది మెరవ్, పాపను భుజాన వేసుకుని జోకొడుతూ. "మొన్న ఉయ్యాల తెమ్మంటే కుక్కపిల్లల బుట్ట తెచ్చావు."

"దానిమీద పాప బొమ్మ ఉంది మరి."

"పాప పక్కన కుక్క కూడా ఉంది. సరేలే. ఈ ఒక్క పేరు మాత్రం తగలెయ్యకు. నీకు దణ్ణం పెడతాను."

పాప పేరు ఆర్బెల్. గలిలయ సరస్సు పక్కన ఆర్బెల్ కొండ అంచున నిలబడి గిలాద్ పెళ్ళి మాట ఎత్తిన రోజే మెరవ్ ఆ పేరు ఖాయం చేసేసుకుంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటే ఇదే. అయితే బిడ్డకు మందిరంలో పేరు పెట్టేదాకా అది బయటికి పొక్కకూడదు కనుక తొమ్మిది నెలలూ కన్నతల్లికి కూడా చెప్పకుండా నోరు కట్టేసుకుంది. లోకంలో ఎవరికీ లేని పేరు తన కూతురికి ఉండాలని ఆమె పంతం. జిపోరా, జహవా, ప్నీనా, తిర్సా లాంటి పాతకాలం పేర్లంటే ఒళ్ళుమంట. వాటిని తలుచుకుంటేనే కలరా ఉండల వాసన వస్తుందనేది. ఆస్పత్రిలో ఉన్న అమ్మమ్మ పేరు తిర్సాయే కాబట్టి ఆవిడ ముందు మాత్రం అనేది కాదు.

గిలాద్ మందులషాపు బిల్లును రెండు ముక్కలుగా చింపి ఒకదాని వెనక 'ఆర్బెల్' అనీ, రెండోదాని వెనక 'తిర్సా' అనీ రాసుకున్నాడు. ఏది ఎందుకో రాయాలన్న ఆలోచన అతనికి రాలేదు. నోటితో చెబుతాం కదా అనుకున్నాడు.

చెప్పాడు కూడా. మందిరం వ్యవహారాలు ముప్పై ఏళ్ళుగా ఒంటిచేత్తో నడుపుతున్న జెలిగ్ గారి చేతిలో రెండు చీటీలూ విడివిడిగా పెట్టి, ఇది పాపది, ఇది అమ్మమ్మది అని వివరంగా చెప్పాడు. జెలిగ్ గారు తల ఊపి రెండింటినీ ఒకే జేబులో వేసుకున్నాడు.

యూదుల ధర్మగ్రంథం తోరా చదివే వేళయింది. గిలాద్‌ను వేదిక మీదికి పిలిచారు. జెలిగ్ గారు చీటీలు తీసి ఒకటి చూశాడు, రెండోది చూశాడు, గడ్డం గోక్కున్నాడు. తర్వాత గొంతెత్తి, "ఇశ్రాయేలులో ఈ బిడ్డ పేరు తిర్సా, గిలాద్ కుమార్తె అని పిలువబడును గాక!" అన్నాడు.

"కాదు!" అని గిలాద్ అరిచాడు. ఆ అరుపు ఎవరి చెవినా పడలేదు. మందిరంలోని ఇరవైమందీ చప్పట్లు కొడుతూ పాట అందుకున్నారు. శుభానికని మీద విసిరిన పిప్పరమెంట్లలో ఒకటి అతని చెవికి గట్టిగా తగిలింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగితే, పాపం పిల్లాడు పొంగిపోయాడనుకున్నారు. ఆ వెంటనే జెలిగ్ గారు రెండో చీటీ చూసి, ఆర్బెల్ త్వరగా కోలుకోవాలని ప్రార్థించాడు. అందరూ ఆమేన్ అన్నారు.

"జెలిగ్ గారూ, కొంప ముంచారు! తిర్సా మా అమ్మమ్మండీ. పాప ఆర్బెల్."

"ఆర్బెల్ కొండ కదోయ్."

"పాప పేరు కూడా అదే."

"పిల్లకి కొండ పేరు పెడతారని నాకేమైనా కలొచ్చిందా? ఎవరో కుర్రాడు కొండెక్కి పడ్డాడేమో, ఆ ఊరివాడేమో అనుకున్నా. తిర్సా అంటే లక్షణమైన ఆడపిల్ల పేరు. నా క్లాసులో ముగ్గురుండేవాళ్ళు. ముగ్గురూ చక్కటి చుక్కలే."

"మీ క్లాసు డెబ్బై ఐదేళ్ళ కిందటిదండీ బాబూ!"

"పేరుకి వయసేమిటోయ్?" అని జెలిగ్ గారు విసుక్కుని, మళ్ళీ మెత్తబడ్డాడు. "సోమవారం మళ్ళీ తోరా తీస్తాం. అప్పుడు సరిచేద్దాం. అప్పటిదాకా గుట్టుగా ఉంచు."

గుట్టు అప్పటికే రట్టయింది. వెనక బెంచీలో కూర్చునే హనోక్, అంటే మెరవ్ బాబాయి, 'పాప పేరు తిర్సా! మజల్ తోవ్!' అని అభినందనలతో సహా కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు. శుభవార్త అందరికంటే ముందు తానే చెప్పాలని ఆయన దురద.

ఇక్కడే వచ్చింది చిక్కు. మెరవ్ పుట్టింటివాళ్ళు పోలండు వైపునుంచి వచ్చినవాళ్ళు. బతికున్న పెద్దల పేరు వాళ్ళు పిల్లలకు పెట్టరు, పోయినవాళ్ళ పేరే పెడతారు. ఒకే ఇంట్లో ఇద్దరికి ఒకే పేరుంటే మృత్యుదూత ఒకరికోసం వచ్చి ఇంకొకరిని పట్టుకుపోతాడని భయం. కాబట్టి పాప పేరు తిర్సా అంటే, పెద్ద తిర్సా పోయిందనే లెక్క.

గిలాద్ బేకరీ వరుసలో ఉండగానే హైఫానుంచి ఫోనొచ్చింది. తిర్సా అమ్మమ్మ చెల్లెలు హెమ్దా.

"నాయనా గిలాద్," అంది ఆవిడ. "ఎప్పుడు జరిగింది?"

కాన్పు సంగతి అడుగుతోందనుకున్నాడు గిలాద్. "ఆదివారం, చిన్నమ్మమ్మా."

"ఆదివారమా! బాగా కష్టపడిందా?"

"పదకొండు గంటలు. ఆఖర్న గట్టిగా అరిచిందిలెండి. ఇప్పుడు ప్రశాంతంగా పడుకుంది."

అవతల ఏడుపు భోరుమంది. "అక్కా! నన్నొదిలి పోయావా అక్కా!" అన్న మాట వినపడ్డాక గానీ గిలాద్ బుర్ర వెలగలేదు.

"అయ్యయ్యో, అమ్మమ్మ బతికే ఉంది చిన్నమ్మమ్మా!"

"నా బీపీకి భయపడి చెప్తున్నావు నాయనా, నాకు తెలుసు. మా ఆయన పోయినప్పుడూ మూడు గంటలసేపు బాగానే ఉన్నాడన్నారు. అక్క దగ్గరున్న నీలి ఫోను కూడా ఎత్తట్లేదు."

"మా అత్తగారా? వార్డులో సెల్‌ఫోను ఆపేయమన్నారండీ."

"ఆహా, ఆపేయమన్నారా," అని హెమ్దా ఫోను పెట్టేసింది.

తొమ్మిదయ్యేసరికి తిర్సా ఉండే భవనం గేటుకు చావుకబురు చెప్పే నల్లంచు కాగితం అంటించారు. సంతాపం ఇళ్ళకు తీసుకెళ్ళే ఉడికించిన గుడ్లూ పప్పూ పట్టుకుని ఇరుగుపొరుగు మెరవ్ గుమ్మంలోకి వచ్చారు. గిలాద్ చాక్లెట్ చుట్టల పొట్లంతో తలుపు తీసేసరికి మెరవ్ పద్నాలుగు గుడ్ల ముందు కూర్చుని ఉంది.

"ఒకావిడ మజల్ తోవ్ చెప్పి ఏడ్చి వెళ్ళింది," అంది నెమ్మదిగా. "తర్వాత ఫోను తెరిచి చూశాను. నా కూతురి పేరేంటి గిలాద్?"

"చుట్టలు వేడివేడిగా ఉన్నాయి, ఒకటి తిను."

"నా కూతురి పేరేంటి?"

చెప్పాడు. మెరవ్ అరిచి ఉంటే గిలాద్ తట్టుకునేవాడు. ఆమె కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని, "నేనడిగింది ఒక్కటేగా," అంది. అతనికి భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

పాపను తీసుకుని ఆస్పత్రికి పరుగెత్తారు. అప్పటికే హెమ్దా రైలెక్కి వచ్చేసింది. తోబుట్టువు పోతే వేసుకున్న బట్ట చింపుకోవడం వాళ్ళ ఆచారం కదా, మంచి బ్లౌజు ఎందుకు దండగని, మోచేతులు అరిగిన పాతది వేసుకుని వచ్చింది. తీరా వార్డులోకి అడుగుపెడితే అక్క కుర్చీలో కూర్చుని ఉడికించిన ఆల్‌బుఖారా పళ్ళు తింటోంది. హెమ్దా గుడ్లు తేలేసింది. ఇప్పుడు రోగి కుర్చీలోనూ, చూడటానికి వచ్చినావిడ రోగి మంచం మీదా ఉన్నారు. నీలి పిన్నికి విసరాలో తల్లికి సర్దిచెప్పాలో తెలియక మధ్యలో నిలబడింది.

"రా అల్లుడూ, రా," అంది తిర్సా. "మంచం పక్కనున్న ఈ ఆస్పత్రి ఫోనుకి పొద్దుట్నుంచి పదకొండు కాల్స్. అన్నీ నేనే ఎత్తుతున్నా. పాపం తిర్సా ఎప్పుడు పోయిందంటే, ఇంకా ఆలోచిస్తోంది అంటున్నా. ఆ పక్కింటి బత్యా ఉందే, నలభై ఏళ్ళు నా చేప ముద్దలు లొట్టలేసుకుంటూ మింగింది. ఇవాళ అంటుందీ, మనిషి మంచిదే గానీ చేపలో చక్కెర ఎక్కువేసేదని!"

"నాదే తప్పు అమ్మమ్మా. సోమవారం మార్పించేస్తాను."

"మార్పించు నాయనా." ఆవిడ గొంతులో ఎగతాళి పోయింది. "నాదేముంది, ఎనభై ఆరు నిండాయి. దూత వచ్చి తిర్సా అని పిలిస్తే, ఆ పసిగుడ్డు పలికితే?"

ఇంతలో పన్నెండో ఫోను మోగింది. ఆవిడ అటు తిరిగి దాని అంతు చూడటంలో పడింది.

మందులివ్వడానికి వచ్చిన నర్సు ఓష్రిత్ పాప బుగ్గ ముట్టుకుని పేరడిగింది. "ఆర్బెల్," అంది మెరవ్ గర్వంగా.

"ఎంత బావుందో! ఈ వారం మా ఆస్పత్రి ప్రసూతి వార్డులో నాలుగు ఆర్బెల్‌లు పుట్టాయి. మీది ఐదోది."

మెరవ్ మొహం పాలిపోయింది. నర్సు తన ధోరణిలో తనుంది. "ఏదైనా మీ అమ్మమ్మగారి పేరే పేరండీ. టెల్ అవీవ్‌లో ఇప్పుడు ముసలమ్మల పేర్ల కోసం కొట్టుకుంటున్నారు. మా అక్క వెతికి వెతికి జహవా అని పెట్టింది. తిర్సా ఇంకా ఎవరి కంటా పడలేదు."

మెరవ్ పాపను కాసేపు చూసింది. పెదాల మీదే "తిర్సా" అనుకుంది. తర్వాత గిలాద్ చెవిలో, "కలరా ఉండల వాసన రావట్లేదేంటి?" అంది. గిలాద్ కుదేలయ్యాడు. పొద్దున పోగొట్టుకున్న పేరు ఇప్పుడు అక్కర్లేదు. అక్కర్లేదనుకున్న పేరు పెట్టడానికి వీల్లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

అమ్మమ్మ ఫోను పెట్టేసింది. మనవరాలి మొహం చూడగానే ఆవిడకు సంగతి అర్థమైపోయింది.

"అల్లుడూ, నా ఆరోగ్యానికి ప్రార్థన ఎన్నింటికి చేశారు?"

"ఏడుంపావుకి. కానీ ఆర్బెల్ పేరు మీద చేసేశారు."

"ఏమమ్మా ఓష్రిత్, ఇవాళ నేను నడిచిందెప్పుడు?"

"ఏడున్నరకి. ఆరడుగులు. పద్దెనిమిది రోజుల్లో ఇదే మొదలు."

"విన్నారా? ఇన్నాళ్ళూ తిర్సా, తిర్సా అని మొక్కుకుంటే ఒక్క అడుగు పడలేదు. ఆర్బెల్ అన్నారు, ఆరు పడ్డాయి. జబ్బు మనిషికి పేరు మార్చడం మనవాళ్ళు ఎప్పుడూ చేసేదే. ఆర్బెల్ నాకివ్వండి. నాది పాప తీసుకుంటుంది. అప్పుడు ఏ దూత వచ్చినా తిర్సా అనే ముసలిది ఈ ఇంట్లో ఉండదు."

"ఈ వయసులో ఆ పేరేంటే అక్కా!" అంది హెమ్దా మంచం మీదనుంచి.

"నీకేం తెలుసే? బళ్ళో మేం ముగ్గురు తిర్సాలం. టీచరు నన్ను మూడో తిర్సా అని పిలిచేది. ఎవరికీ లేని పేరు ఒక్కటి కావాలని ఎంత ఏడ్చానో."

ముగ్గురూ చక్కటి చుక్కలే అన్న జెలిగ్ గారి మాట గిలాద్‌కు గుర్తొచ్చింది కానీ నోరు మూసుకున్నాడు. నాలుగు ఆర్బెల్‌ల సంగతి కూడా ఎవరూ ఎత్తలేదు.

మెరవ్ పాపను ఆవిడ ఒళ్ళో పెట్టింది. "తిర్సా," అని పిలిచింది ముసలావిడ. పిలిచి ఏడ్చేసింది. "నా పేరుకి ఇంక రాతి మీద చెక్కించుకోవడమే మిగిలిందనుకున్నానే. మళ్ళీ పాలు తాగుతోంది." మెరవ్ కూడా ఏడ్చింది. పాత బ్లౌజుతో హెమ్దా ముక్కు తుడుచుకుంది.

సోమవారం గిలాద్ 'తిర్సా – పాప', 'ఆర్బెల్ – అమ్మమ్మ' అని పెద్ద పెద్ద అక్షరాలతో రాసిచ్చాడు. జెలిగ్ గారు రెండుసార్లు చదివి, మళ్ళీ తప్పు రాశావేమో చూసుకొమ్మన్నాడు.

ఆరు వారాలకు పసిపిల్లల తుంటి పరీక్షా, అమ్మమ్మ తుంటి పరీక్షా ఒకే రోజు, ఒకే హాల్లో పడ్డాయి. నర్సు తలుపు తీసి "తిర్సా!" అంది. ఒక్క మెరవే లేచింది. నిమిషంలో లోపలికి వెళ్ళిపోయింది. మళ్ళీ తలుపు తెరుచుకుని "ఆర్బెల్!" అని వినపడగానే, అమ్మమ్మ నడక బండి పట్టుకుని ఠీవిగా లేచింది. ఆవిడతోపాటు పిల్లల్నెత్తుకున్న తల్లులు నలుగురు లేచారు.

"వరసగా రండి, చిన్నవాళ్ళు ముందు," అంది నర్సు.

అమ్మమ్మ హాలంతా కలయజూసి, మెల్లగా మళ్ళీ కూర్చుంది.

"తిర్సాగా ఉన్నప్పుడే నయం అల్లుడూ," అంది. "మూడో నంబరన్నా వచ్చేది."