తోడేలు జబ్బు, రేచుకుక్కల వైద్యం

ఒక పెద్ద అడవిలో, అంత అడవికీ కలిపి ఒకే ఒక్క పరిశోధనశాల ఉండేది. అందులో పనిచేసేది డాక్టర్ శల్యమ్మ అనే ముళ్ళపంది. ఎవరికీ అంతుపట్టని జబ్బులన్నీ ఆవిడ గుమ్మంలోకే వచ్చేవి. ముళ్ళకు భయపడి అధికారులు మాత్రం వచ్చేవారు కాదు. అందుకే అక్కడ పని జరిగేది.

ఒకరోజు కురంగి అనే లేడి కుంటుకుంటూ వచ్చింది. ఒళ్ళు కాలిపోతోంది, మోకాళ్ళు వాచిపోయాయి, ఎండలోకి వెళితే చర్మం మండుతోంది. ముక్కుకు అటూ ఇటూ, సీతాకోకచిలుక రెక్కలు విప్పినట్టు ఎర్రటి మచ్చ.

"ఆరోగ్య శాఖలో చూపించుకున్నాను డాక్టరమ్మా. అక్కడి కోతిగారు నన్ను ఎగాదిగా చూసి, పని తప్పించుకోవడానికి వేషాలు వేస్తున్నావన్నారు."

"తోక తెగి కింద పడితే తప్ప ఆయనకు జబ్బు కనపడదులే తల్లీ," అంది శల్యమ్మ.

లేడి నెత్తురు చుక్కను ఆకు మీద వేసి, పైన మంచుబిందువు నిలిపి, అందులోంచి చాలాసేపు చూసింది. ఇదే తంతు లోగడ ఒక కుందేలు కీళ్ళలోనూ, ఒక ముసలి కొండముచ్చు చర్మంలోనూ చూసింది.

"అందరి ఒంట్లోనూ కాపలాదార్లు ఉంటారమ్మా. బయటి నుంచి క్రిమి వస్తే పట్టుకుని చంపుతారు. నీ కాపలాదార్లు నీ ఒంటినే పరాయిదనుకుంటున్నారు."

"మరి లోపలికొచ్చిన క్రిమి ఏది?"

"ఏదీ రాలేదు."

"రాకపోతే ఎవర్ని కొడుతున్నట్టు?"

"నిన్నే."

కురంగి వాచిన మోకాళ్ళ వంక చూసుకుంది. తర్వాత, "నేనేం చేశాను వాళ్ళని?" అని అడిగింది. శల్యమ్మ ఇన్నేళ్ళ పరిశోధనంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది.

మందు మాత్రం ఉంది. తూర్పు కొండ మీద దొరికే ఒక వేరు. అది కాపలాదార్లను చంపదు, శాంతపరుస్తుంది. ఆలస్యమైతే వాళ్ళు మూత్రపిండాల మీద పడతారు, ఇక లేడి దక్కదు. కానీ ఆ కొండ మీద గడ్డిపోచ పీకాలన్నా రాజుగారి అనుమతి కావాలి. శల్యమ్మ కొలువుకు వెళ్ళింది.

సింహరాజు ఆవలిస్తూ, "జబ్బు పేరేమిటి?" అన్నాడు.

"వెనకటి వైద్యులు ఆ మచ్చలు తోడేలు కరిచినట్టున్నాయని తోడేలు పేరు పెట్టారు ప్రభూ. నిజానికి తోడేలుకీ దీనికీ..."

మిగతా మాట ఎవరూ వినలేదు. కాపలా దళపతి ఉగ్రదంతుడనే రేచుకుక్క అప్పటికే ఈల వేశాడు. వెనక వరసలో కునుకు తీస్తున్న తోడేలు వృకయ్య కళ్ళు తెరిచేసరికి నాలుగు కాళ్ళకూ తీగలు చుట్టేసి ఉన్నాయి.

"నా నేరమేమిటండీ?"

"నీ పేరు," అన్నాడు ఉగ్రదంతుడు.

మర్నాటికి కూడా కురంగి జ్వరం తగ్గలేదు. అంటే తోడుదొంగలున్నారని దళపతి తేల్చాడు. మచ్చ సీతాకోకచిలుకలా ఉంది కాబట్టి సీతాకోకచిలుకలన్నిటినీ పట్టి బుట్టల్లో వేయించాడు. ఎండకు జబ్బు ముదురుతోంది కాబట్టి సూర్యుడు కొలువుకు హాజరు కావాలని చాటింపు వేయించాడు. సాయంత్రం సూర్యుడు కొండ వెనక్కి దిగిపోతే, పరారీలో ఉన్నాడని ప్రకటించాడు.

శల్యమ్మ మళ్ళీ కొలువుకు వెళ్ళింది. "ప్రభూ, బయటి దొంగ లేడు. శాంతించాల్సింది కాపలాయే. ఆ వేరు తవ్వుకోనివ్వండి."

"కాపలాను నిద్రపుచ్చే మందట," అన్నాడు ఉగ్రదంతుడు రాజు చెవిలో. "ఇది ఎవరి పన్నాగమో తమరే ఆలోచించండి."

సింహరాజు ఆలోచించాడు. కాపలాను రెట్టింపు చేశాడు.

రెట్టింపైన కాపలాకు పని కావాలి కదా. దొంగలు చూస్తే లేరు. రేచుకుక్కలు కనపడినవాణ్ణల్లా నిలేసి, ఈ అడవి జంతువువేనని రుజువేమిటని అడగసాగాయి. తాబేలును డిప్ప విప్పి లోపల ఎవరున్నారో చూపించమన్నాయి. కుందేలును, ఒంటికి మించిన ఆ చెవులు ఎవరివో చెప్పమన్నాయి. ఊసరవెల్లిని రంగుకొకసారి చొప్పున కొట్టాయి. వాగు గట్టు అనుమానాస్పదంగా వంగి ఉందని తవ్వేస్తే నీళ్ళన్నీ పోయాయి. అడవి మొత్తంలో నిశ్చింతగా నిద్రపోతున్నది చెరలో ఉన్న వృకయ్య ఒక్కడే. పట్టుకున్నవాణ్ణి మళ్ళీ పట్టుకోరు.

గుమ్మంలో నిలబడి ఇదంతా చూడ్డానికి శల్యమ్మకు మంచుబిందువు అవసరం లేకపోయింది. లోపల కురంగి కాళ్ళకు నీరు పట్టింది. దాని అర్థం ఆవిడకు తెలుసు. ముళ్ళున్న ఒళ్ళు కాబట్టి లేడిని దగ్గరికి తీసుకోలేక, కొంచెం ఎడంగా కూర్చుని విసురుతూ ఉండేది.

అలా ఉండగా ఒక ఉదయం సింహరాజు మడుగులో మునిగి గట్టెక్కాడు. జూలంతా తడిసి మెడకు అంటుకుపోయింది.

"ఎవడ్రా నువ్వు?" అన్నాయి రేచుకుక్కలు.

"రాజుని."

"రాజుగారికి జూలుంటుంది."

"తడిసిందిరా."

"ఎవరు తడిపారు? వాళ్ళ పేర్లు చెప్పు."

చెప్పలేకపోయాడు. కాసేపటికి ఏనుగులు ఆయన్ని మోసుకొచ్చి కురంగి పక్కన పడుకోబెట్టాయి. కీళ్ళు వాచాయి, ఒంట్లో జ్వరం, ముక్కుకు అటూ ఇటూ ఎర్రగా కమిలింది.

"నా కాపలావాళ్ళే నన్ను కొట్టారు. నేనేం చేశాను వాళ్ళని?" అన్నాడు సింహరాజు.

"నేనూ మొదట్లో అదే అడిగాను ప్రభూ," అంది కురంగి. "మెల్లగా అలవాటవుతుంది."

ఆయన అక్కడికక్కడే అనుమతి ఇచ్చాడు. శల్యమ్మ ముళ్ళు నిక్కబొడుచుకుని రేచుకుక్కల మధ్య నుంచే కొండెక్కి వేరు తెచ్చింది. కొన్నాళ్ళకు కురంగి కాళ్ళలో నీరు దిగింది, జ్వరం విడిచింది. "జబ్బు పోలేదమ్మా, పడుకుంది. లేపకుండా బతకాలి," అని చెప్పి పంపింది శల్యమ్మ. కురంగి చెట్ల నీడల వెంబడే మేస్తూ వెళ్ళింది.

సింహరాజు లేచి కూర్చోగానే విచారణ సంఘం వేశాడు. కాపలా సంగతులు తెలిసినవాడు వేరెవరూ లేనందున ఉగ్రదంతుణ్ణే అధ్యక్షుణ్ణి చేశాడు. సంఘం తీర్పు చిన్నదే: మన కాపలా సొంతవాళ్ళను ఎన్నడూ కొట్టదు, కాబట్టి దెబ్బలు తిన్నవాడు పరాయివాడు. ఆ సాయంత్రమే సింహాన్ని పొలిమేర దాటించారు.

పోతూ పోతూ సింహం పరిశోధనశాల ముందు ఆగింది. "డాక్టరమ్మా, ఆ వేరు అడవి మొత్తానికి పట్టే మోతాదు ఉందా?"

"ఉంది. రాజుగారి అనుమతి కావాలి," అంది శల్యమ్మ.

రాజుగారు అప్పటికి ఉగ్రదంతుడు.

నీతి: కాపలావాళ్ళకు దొంగ దొరకకపోతే, ఇంటివాళ్ళే కాస్త సర్దుకోవాలి.