వియ్యంకుడి ఫ్లాపీ

ఆ ఉదయం డీటీపీ సెంటరు నడిపే మల్లప్పకు ఉన్న పని ఒక్కటే. పట్టు వ్యాపారుల సంఘం వార్షిక సంచికను ఫ్లాపీలోకి ఎక్కించి, పుంగనూరులో ప్రెస్సు నడుపుతున్న తోడల్లుడు ఎల్లప్పకు ఇచ్చి రావాలి. సంచిక వేళకు వస్తే ఇకపై సంఘం పనులన్నీ నీకేనన్నారు పెద్దలు. రాకపోతే మదనపల్లె బస్టాండు దగ్గర డీటీపీ సెంటర్లకు కొదవా? అసలే 2004, సందుకొక సెంటరు వెలిసిన కాలం.

మల్లప్ప సెంటర్లో గోడ మీద పెద్ద బోర్డు ఉంది: 'ఎవరి ఫ్లాపీ అయినా వైరస్ పరీక్ష తరువాతే.' ఆ విషయంలో ఆయన ఎమ్మార్వో ఆఫీసు ఫ్లాపీని కూడా వదిలిపెట్టలేదు.

సరిగ్గా అప్పుడే కుప్పం నుంచి వియ్యంకుడు గోపాలస్వామి దిగాడు. జేబులోంచి ఫ్లాపీ తీసి, "మన మనవడికి పేరు పెట్టే పత్రిక బావా. మీరొకపారి సూస్తారని తెచ్చినా," అన్నాడు.

ఆపరేటర్ రేఖ అలవాటు కొద్దీ దాన్ని పరీక్షకు పెట్టబోయింది. మల్లప్ప ఆమెను పక్కకు పిలిచి పళ్లు నూరాడు. "వియ్యంకుడి ఫ్లాపీని సోదా సేస్తావా? మా బిడ్డ ఆ ఇంట్లో తలెత్తుకోవద్దా?"

"బోర్డు మీరే కదా సార్ రాయించింది?"

"బోర్డు బయటోళ్లకమ్మా!"

పరీక్ష లేకుండానే పత్రిక తెరిచారు, మెచ్చుకున్నారు. గోపాలస్వామి ఏదో అడగబోయి, మొహమాటపడి, కాఫీ తాగి కుప్పం బస్సెక్కాడు. రేఖ సంచికను ఫ్లాపీలోకి ఎక్కించింది. మల్లప్ప పుంగనూరు బస్సెక్కాడు.

ఎల్లప్ప ఎదురొచ్చి ఫ్లాపీ అందుకున్నాడు. "పరీక్ష ఏమన్నా సేస్తావా?" అన్నాడు మల్లప్ప నవ్వుతూ.

"మీ ఫ్లాపీకి పరీక్షా అన్నా? నేనేం పరాయోణ్ణా? పోయి కాఫీ తాగి రాండి."

హోటల్లో కాఫీ వచ్చేలోపు రేఖ ఫోను చేసింది. "సార్, వైరస్ పడింది. సంచిక మొత్తం పోయింది. మన మిషన్లో ఒక్క పేజీ కూడా లేదు!"

మిగిలినది ఆ ఒక్క ఫ్లాపీ. అందులోనూ వైరస్ ఉన్నట్టే. ఎల్లప్ప మిషన్లోనూ పడితే పుంగనూరు జనం పెళ్లిపత్రికలన్నీ పోతాయి, తోడల్లుడు రోడ్డున పడతాడు! కారణం వియ్యంకుడని ఏ నోటితో చెప్పాలి? ముందు సంగతేమిటో కనుక్కుందామని మల్లప్ప, ఇంకా బస్సులోనే ఉన్న గోపాలస్వామికి ఫోను కొట్టాడు.

"సెప్పండి బావా," అన్నాడు గోపాలస్వామి ఆత్రంగా. "వైరస్ దొరికిందా?"

"ఏం వైరసు?"

"మా మిషన్లో యాంటీ వైరస్ గడువైపోయుండాది. మీ కాడైతే ఎవురి ఫ్లాపీ అయినా సోదా సేస్తారు కదా, ఉండాదో లేదో తెలుస్తాదని తెచ్చినా. నోరు తెరిచి అడిగేకి మొహమాటమైపోయె."

మల్లప్ప ఫోను పెట్టేసి ప్రెస్సుకు పరుగెత్తాడు. "ఎల్లప్పా! మిషన్ ఆపు! ఫ్లాపీ తియ్యి!"

ఎల్లప్ప తల వంచుకున్నాడు. "తప్పయిపోయింది అన్నా. మీరట్ల కాఫీకి పోతానే సోదా సేసినా. వైరస్ ఉండాది, తీసేసినా. సంచిక బాగానే ఉండాది, అచ్చుకు పోతాండాది."

మల్లప్ప కుర్చీలో కూలబడ్డాడు. ప్రాణం లేచొచ్చింది. దేవుడికి దండం పెట్టుకున్నాడు, మంచినీళ్లు తాగాడు. ఆ తర్వాత మెల్లగా ఆయన మొహం ఎర్రబడింది.

"నా ఫ్లాపీని సోదా సేసినావా?"

సంచిక వేళకు వచ్చింది, సంఘం పనులూ వచ్చాయి. తోడల్లుడితో మాత్రం మల్లప్ప దసరా దాకా మాట్లాడలేదు.