వద్దంటే అవునే

ఆ ఉదయం అక్క వేసుకున్న పథకం చాలా సులువైనది. తొమ్మిదింటికి హోటల్ మేనేజరు వస్తాడు, వేడి వేడి రొట్టె రుచి చూస్తాడు, రోజువారీ ఆర్డరు ఇస్తాడు. ఇవ్వకపోతే నెలాఖరుకి బేకరీ మూసేయడమే.

ఓవెన్‌ని నడిపే ప్రోగ్రామును తమ్ముడు సి భాషలో రాశాడు. "అక్కా, మీరెవరూ ఇక ప్రోగ్రాము జోలికి పోనక్కర్లేదు. సెట్టింగుల ఫైల్లో అంకెలు మారిస్తే చాలు," అన్నాడు గర్వంగా. ఆ మాట బావ చెవిన కూడా పడింది.

బావకి ఏదైనా వరసలో ఉండాలి. ఫైల్లో వేడి 220, దాని కింద నిమిషాలు 45. ఎగుడుదిగుడుగా ఉందని ముందు ఓ సున్నా చేర్చి 045 చేశాడు. కాల్చడం అయ్యాక చల్లారేదాకా తలుపుకి తాళం పడాలా అన్నచోట, అవునని చెప్పే 1 ఉంది. మేనేజరు ముందు అవస్థ ఎందుకని దాన్ని చెరిపి 'వద్దు' అని రాశాడు.

మేనేజరు వచ్చి కూర్చున్నాడు. రొట్టె ఇంకా కాలాల్సి ఉండగానే ఓవెన్ ఆరిపోయింది.

"ఏమైందిరా?" అక్క గొంతు తగ్గించి అడిగింది.

"నా ప్రోగ్రాములో తప్పుండదక్కా. కరెంటు పోయుంటుంది," అంటూ తమ్ముడు ఫ్యూజులు చూడడానికి పెరట్లోకి పరిగెత్తాడు. గదిలో ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉంది.

అక్క ఓవెన్ తలుపు లాగింది. రాలేదు.

"వద్దని రాశానే," అని గొణుక్కుంటూ బావ కంప్యూటర్ ముందు కూర్చుని 'అస్సలు వద్దు' అని రాశాడు. తాళం కదల్లేదు. 'దయచేసి వద్దు' అని కూడా రాసి చూశాడు. ఫైలు మారిన ప్రతిసారీ, చల్లారడానికి పెట్టిన తాళం గడువు మళ్ళీ మొదటికొచ్చింది.

"రొట్టె కాలుతోందా, దాక్కుందా?" అన్నాడు మేనేజరు గడియారం చూసుకుంటూ.

"మాది నిదానంగా కాలే రొట్టెండీ. కూర్చోండి," అంది అక్క, అతను లేవకుండా దారికి అడ్డంగా నిలబడి.

తమ్ముడు తిరిగొచ్చి ఫైలు చూసి తల పట్టుకున్నాడు. "ముందు సున్నా పెడితే అది ఎనిమిదుల లెక్కలో చదువుతుంది బావా. నాలుగు ఎనిమిదులు ముప్పై రెండు, పైన అయిదు. నీ నలభై అయిదు కాస్తా ముప్పై ఏడయింది."

"మరి వద్దని రాశాగా?"

"ఒట్టి సున్నా ఉంటేనే దానికి వద్దని. ఇంకేం రాసినా అవుననే."

"నీ పోలికే వచ్చింది," అంది అక్క.

తమ్ముడు సున్నా నొక్కాడు. తాళం ఊడింది. పచ్చిపిండి బయటికొస్తుందని అక్క కళ్ళు మూసుకుంది. కానీ మూసిన తలుపు వెనక మిగిలిన వేడికి రొట్టె లోపలిదాకా నెమ్మదిగా మగ్గింది. మేనేజరు తుంచి నోట్లో వేసుకున్నాడు. ఇంకో ముక్క తుంచాడు.

"రేపట్నుంచి రోజూ పంపండి. సరిగ్గా ఇలాగే ఉండాలి. తేడా వస్తే ఆర్డరు ఉండదు."

అతను గుమ్మం దాటగానే తమ్ముడు కీబోర్డు ముందుకి లాక్కున్నాడు. "రెండు తప్పులూ ఇప్పుడే సరిచేసేస్తానక్కా."

"వద్దు," అంది అక్క.

తమ్ముడు సరిచేయడం మొదలుపెట్టాడు.