శకుంతలమ్మ విగ్గుల షాపు, మండలి అండదండలు

ఒక ప్రాంతంలో వ్యాపారం వర్ధిల్లాలంటే ముందుగా ఆ ప్రాంతంలో వ్యాపారం చేయని పెద్దమనుషులంతా ఒకచోట సమావేశం కావాలి. ఈ సత్యాన్ని మన నగరంలో అందరికంటే ముందు గ్రహించిన ఘనత జూబిలీ హిల్స్, ఫిల్మ్ నగర్ ప్రాంత వ్యాపార సంస్థల పరిరక్షణ మండలికి దక్కుతుంది. 1991లో పుట్టిన ఈ మండలికి అధ్యక్షుడు అచ్యుతరామయ్యగారు. ఆయన ఒకప్పుడు గుంటూరులో పొగాకు వ్యాపారం చేసి, మానేసి, ఇక్కడ ఇల్లు కట్టుకున్నారు. (మానేసిన వ్యాపారికి ఉన్నంత తీరిక చేస్తున్న వ్యాపారికి ఎక్కడిది?) కార్యదర్శి చలపతిరావుగారికి వ్యాపారం లేదు గానీ టైపు మిషను ఉంది. మండలి ఆశయం లెటర్‌హెడ్ మీదే అచ్చయి ఉండేది: ‘మీ వెనుక మేము.’ ఎంత దూరం వెనుక అన్నది అందులో లేదు.

శకుంతలమ్మది తెనాలి. భర్త మద్రాసులో సినిమాలకు విగ్గులు, గడ్డాలు, మీసాలు చేసేవాడు. ఆయన దగ్గరే పని నేర్చుకుంది. ఆయన పోయాక, సినిమావాళ్లు ఒక్కొక్కరే హైదరాబాదు తరలివస్తుంటే తనూ పెట్టెలు సర్దుకుని వచ్చి, ఫిల్మ్ నగర్ నుంచి షేక్‌పేటకు దిగే రోడ్డులో చిన్న షాపు పెట్టుకుంది. పలచని జాలీగుడ్డ మీద ఒక్కొక్క వెంట్రుక ముడివేయాలి. ఒక మునిగడ్డానికి తొమ్మిది రోజులు పడుతుంది. సాయానికి షేక్‌పేట మనిషి వెంకటనర్సయ్య ఉండేవాడు. యాభై ఏళ్లవాడు. పాతికేళ్లు రాళ్లు కొట్టిన చేతులతో విగ్గులు దువ్వడం నేర్చుకున్నాడు.

1992 జూన్‌లో గొట్టాల శాఖవారు ఆ రోడ్డు పొడవునా, షాపుల గుమ్మాల ముందు, ఆరడుగుల లోతున కందకం తవ్వారు. గొట్టాలు వస్తున్నాయని చెప్పి వెళ్లిపోయారు. గొట్టాలు రాలేదు. వానలు వచ్చాయి.

షాపుకు రావాలంటే కందకం మీద వేసిన చెక్క ఒక్కటే దారి. ఒక ఉదయం ప్రొడక్షన్ మేనేజర్ వీరభద్రం పౌరాణికం షూటింగుకు గడ్డాలు తీసుకెళ్లడానికి వచ్చి, వ్యాను అవతలే ఆపాడు. వెంకటనర్సయ్య పెట్టె నెత్తిన పెట్టుకుని చెక్క మీద నాలుగడుగులు వేశాడు. చెక్క జారింది. మనిషి మోకాలు చెక్కుకుపోయి బయటపడ్డాడు. ఏడుగురు మునుల గడ్డాలు బురదలో మునిగాయి.

“అమ్మా, మీ పనికి వంక పెట్టడానికి లేదండీ” అన్నాడు వీరభద్రం. “కానీ అక్కడ సెట్లో మునులంతా నున్నటి బుగ్గలతో కూర్చున్నారు. డైరెక్టరుగారు నన్ను నమిలేస్తారు. ఆ గుంత పూడేదాకా నేను వేరే చోట చూసుకుంటానండీ.”

శకుంతలమ్మ ఆ గడ్డాలను బకెట్లో వేసి ఆరుసార్లు కడిగింది. ఏడోసారి కడుగుతుంటే ఏడుపొచ్చింది. ముఖం కడుక్కుని, తిన్నగా తను సభ్యురాలిగా ఉన్న మండలి ఆఫీసుకు వెళ్లింది.

“కందకం అనేది రోడ్డు సమస్య కదమ్మా” అన్నారు చలపతిరావుగారు. “మాది వ్యాపార మండలి. రోడ్లు మా పరిధిలోకి రావు.”

“ఆ గుంత వల్లే వ్యాపారం ఆగిపోయిందండీ.”

“అలా రాస్తే ఇంకో చిక్కుంది. నాలుగో నిబంధన చూడండి. వ్యాపారం ఆగిపోయినవారు మండలి సభ్యులుగా ఉండడానికి వీల్లేదు.”

“మరేం రాయమంటారు?”

“వ్యాపారం బ్రహ్మాండంగా సాగుతోంది, కందకం లేకపోతే మరింత బ్రహ్మాండంగా సాగును, అని రాయండి.”

ఆవిడ అలాగే రాసింది. దరఖాస్తును మరో ఇద్దరు సభ్యులు బలపరచాలి. ఆ ఇద్దరికీ కందకం వల్ల ఏ ఇబ్బందీ ఉండకూడదు. (ఇబ్బంది పడేవాడు నిష్పక్షపాతంగా ఆలోచించలేడన్నది మండలి అనుభవం.) అలాంటి ఇద్దరిని వెతికి పట్టుకోవడానికి శ్రీనగర్ కాలనీ దాకా తిరగాల్సి వచ్చింది.

మూడు వారాలకు అధ్యక్షులవారి నాయకత్వంలో ఐదుగురు సభ్యుల నిజనిర్ధారణ ఉపసంఘం అంబాసిడర్ కారులో వచ్చి, కందకానికి అవతల నిలబడింది.

“సార్, గాడ నిలబడి చూస్తే లోతేం తెలుస్తది?” అన్నాడు వెంకటనర్సయ్య. “జర చెక్క మీదికెళ్లి గీడికి రాండ్రి.”

“మేము ఏ పక్కకీ మొగ్గకూడదయ్యా” అన్నారు అచ్యుతరామయ్యగారు గంభీరంగా.

“మీరు గా పక్కకే ఉన్నరు గద సార్.”

ఈ మాట నివేదికలో చేరలేదు. కందకం ఉన్నట్టు నలుగురు నిర్ధారించారు. ఐదోవారు కళ్లజోడు మరచి వచ్చినందువల్ల తటస్థంగా ఉండిపోయారు.

ఇక మిగిలింది ప్రభుత్వం దగ్గర సభ్యురాలి తరఫున గట్టిగా వాదించడం. గట్టిగా వాదించడంలో మండలికి ఒక పద్ధతి ఉంది. “అధికారిని అడిగితే చిరాకు పడతాడమ్మా. సన్మానం చేస్తే, మీకేం కావాలని తనే అడుగుతాడు” అని అచ్యుతరామయ్యగారు వివరించారు. గొట్టాల శాఖ ఇంజనీరుగారికి సన్మానం ఖాయమైంది. ఆయన నెత్తి మీద జుట్టు తక్కువ. శాలువాలు ఇంట్లో ఇప్పటికే చాలా ఉన్నాయి. కనుక సన్మానానికి ముందే, గుట్టుగా, ఒక విగ్గు బహూకరించాలని మండలి ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ అవకాశం శకుంతలమ్మకు దక్కింది.

కొలతలకు ఆవిడ ఇంజనీరుగారి ఇంటికి వెళ్లింది. కందకం తవ్వించిన ఆ తల పావుగంటసేపు ఆవిడ రెండు చేతుల మధ్యా ఉంది. పక్కనే చలపతిరావుగారు పెదవుల మీద వేలు పెట్టుకుని నిలబడ్డారు. ఆవిడ నోరు మెదపకుండా చెవి నుంచి చెవికి టేపు పెట్టి కొలిచింది. ఇంటికొచ్చి పదిహేను రోజులు వేళ్లు కాయలు కాచేలా ముడులు వేసింది. కోపంతో వేసినా ఒక్క ముడీ వదులు పోలేదు. పని అలా అలవాటైపోయింది.

సన్మాన సభకు ఇంజనీరుగారు పదేళ్ల చిన్నవారై వచ్చారు. “ఇన్నేళ్ల నా సర్వీసులో ఏమీ అడగకుండా నన్ను సన్మానించిన సంస్థ ఇదొక్కటే” అంటూ ఆయన కళ్లు తుడుచుకున్నారు. హాలు చప్పట్లతో మారుమోగింది. ఆ మాటకు అధ్యక్షులవారు కూడా ఎంత కదిలిపోయారంటే, ఏమీ అడగలేదు.

శకుంతలమ్మ వెనక వరుసలోంచి లేచింది.

“అయ్యా, నేనడుగుతున్నానండీ. మా షాపు ముందు మీవాళ్లు గుంత తవ్వి నాలుగు నెలలైంది. బేరాలన్నీ పోయాయి. పూడ్పించండి.”

“అమ్మా, ఇది సన్మాన సభ. మర్యాద కాదు, కూర్చోండి” అన్నారు అచ్యుతరామయ్యగారు.

ఇంజనీరుగారు తన కొత్త జుట్టును ఒకసారి సవరించుకుని, “మండలి ద్వారా రాసి పంపండి, చూద్దాం” అన్నారు.

బయట వెంకటనర్సయ్య ఎదురుచూస్తున్నాడు. “ఏమన్నరమ్మా?”

“రాసి పంపమన్నారు.”

“రాసుడెందుకు? తవ్విన మట్టి గాడనే కుప్ప పోసి ఉన్నది. పారలు మా బస్తీల ఉన్నయి.”

ఆదివారం పొద్దున్నే అతను షేక్‌పేట నుంచి ఆరుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు. పక్క షాపు దర్జీ, ఎదురుగా ఉన్న ఇస్త్రీ బండి మనిషి కలిశారు. శకుంతలమ్మ కొంగు నడుముకు దోపుకుని తట్టలు మోసింది. మధ్యాహ్నం భోజనాల వేళకు షాపుల ముందు ముప్పై అడుగుల మేర కందకం నేలమట్టమైంది. ఆవిడ షాపు గుమ్మం దిగి తిన్నగా రోడ్డు మీదికి నడిచింది. మళ్లీ వెనక్కి వచ్చింది. ఏ పనీ లేకపోయినా ఇంకోసారి నడిచింది. మంగళవారం వీరభద్రం వ్యాను గుమ్మం ముందే ఆగింది.

గురువారం మండలి వచ్చి ఆ ముప్పై అడుగులకు ప్రారంభోత్సవం చేసింది. రిబ్బను కత్తిరించడానికి కత్తెర శకుంతలమ్మే ఇచ్చింది. ‘మండలి అవిరళ కృషి ఫలితం’ అని చెక్కిన రాయి పాతారు. అధ్యక్షులు, కార్యదర్శి, ఉపసంఘం సభ్యులు, అందరి పేర్లూ ఉన్నాయి. కళ్లజోడు మరచినవారిదీ ఉంది.

పది రోజులకు గొట్టాల శాఖ నుంచి శకుంతలమ్మకు నోటీసు వచ్చింది. ప్రభుత్వ కందకాన్ని అనుమతి లేకుండా పూడ్చినందుకు, పదిహేను రోజుల్లో దాన్ని యథాస్థితికి తీసుకురావాలని. ఆవిడ నోటీసు పట్టుకుని మండలికి పరుగెత్తింది.

“రాయి మీద మీ పేర్లే ఉన్నాయి కదండీ. మీరే పూడ్పించారని ఒక్క ముక్క రాసివ్వండి.”

“ఆ రాయి కృషికి సంబంధించిందమ్మా” అన్నారు అచ్యుతరామయ్యగారు ఓపికగా. “పూడ్చడానికి సంబంధించింది కాదు.”

“మరి నా గతేం కావాలండీ?”

“మేం శాఖకు రాస్తాం కదా.”

రాశారు. అదే రోజు రాశారు. ఒక సభ్యురాలి విషయంలో మండలి అదే రోజు ఉత్తరం పంపడం అదే మొదటిసారి. సదరు పూడ్పుతో మండలికి ఎట్టి సంబంధమూ లేదనీ, పూడ్చినవారు ఫలానా శకుంతలమ్మ అనీ, షాపు ఎడమచేతి వైపు మూడో గుమ్మమనీ అందులో వివరంగా ఉంది.

గడువు దాటిన మర్నాడు మనుషులు వచ్చి మళ్లీ తవ్వారు. రాయికి దెబ్బ తగలకుండా చలపతిరావుగారు దగ్గరుండి చూసుకున్నారు. గుమ్మంలో నిలబడి చూస్తున్న శకుంతలమ్మకు ఈసారి ఏడుపు రాలేదు. లోపలికెళ్లి పెట్టెలు దించింది.

“వెంగళరావు నగర్‌లో రెండు గదులు చూశాను” అంది. “రోడ్డు బాగుంది. నువ్వు అంత దూరం రాగలవా?”

“రెండు బస్సులు మారాలె. ఫికర్ చెయ్యకమ్మా, వస్త” అన్నాడు వెంకటనర్సయ్య, మొదటి పెట్టె భుజానికెత్తుకుంటూ.

మరుసటి ఏప్రిల్‌లో మండలి వార్షిక సమావేశం జరిగింది. చలపతిరావుగారు నివేదిక చదివారు. పెండింగులో ఉన్న ఫిర్యాదులు: లేవు. ఆ తర్వాత ఒక ముఖ్యమైన విజయం ఉంది. అది చదివే ముందు ఆయన సభ్యులందరి వైపూ చూశారు: “మండలి ప్రోత్సాహంతో మన ప్రాంతపు విగ్గుల పరిశ్రమ ఈ ఏడాది వెంగళరావు నగర్ వరకు విస్తరించింది.”