నిస్సార్ నడిపిన పది అడుగులు

గురువారం ఉదయం ఏడింటికల్లా చిత్తూరులో బయలుదేరాలి. తొమ్మిదింటికి నగరిలో వదినగారి కొత్త మరమగ్గాల షెడ్డు ముందు బండి ఆపాలి. ఆపాక వెంటనే దిగకుండా ఒక్క నిమిషం లోపలే కూర్చోవాలి. ఇదీ వలి బాషా పథకం. షెడ్డు ప్రారంభానికి వచ్చిన చుట్టాలందరూ బండి చుట్టూ చేరడానికి ఆ మాత్రం సమయం పడుతుందని ఆయన అంచనా.

వలి బాషా ఇనుప బీరువాలు తయారు చేయిస్తాడు. ఇరవై రెండేళ్లు ఒకే స్కూటరు మీద తిరిగిన మనిషి, నాలుగు నెలల కిందట ఏడుగురు పట్టే తెల్లటి ఎస్‌యూవీ కొన్నాడు. గేర్లు వాటంతట అవే మారే రకం. ఈ సంగతి కరెంటు రీడింగు తీయడానికి వచ్చినతనికి కూడా చెప్పాడు. సీట్ల మీది ప్లాస్టిక్ తొడుగులు ఇంకా తీయలేదు. స్టీరింగు ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు.

ఆ గురువారానికి నాలుగు రోజుల ముందు, ఆదివారం మాత్రం ఒక మినహాయింపు జరిగింది. ఆయన నమాజుకు వెళ్లిన సమయంలో సందులోకి నీళ్ల ట్యాంకరు వచ్చింది. దారి ఇవ్వడానికి ఆయన భార్య ఖమర్ జహాన్ పక్క వీధిలో ఉండే తన తమ్ముడు నిస్సార్‌ను పిలిచి తాళం ఇచ్చింది. నిస్సార్ బళ్లో లెక్కల మాస్టరు. అరటిపండు తిన్నా తొక్క చేత్తో పట్టుకుని చెత్తబుట్ట దొరికేదాకా నడిచే మనిషి. ఊపిరి బిగబట్టి బండిని పది అడుగులు ముందుకు తీసి, ఆపి, దిగి, తాళం అక్క చేతిలో పెట్టి, అప్పుడు ఊపిరి వదిలాడు.

గురువారం వచ్చింది. ముందు సీట్లో అత్తగారు ఉమ్మే హబీబా కూర్చుంది. వెనక ఖమర్ జహాన్ బగారా అన్నం డేక్సాకు ఒక చెయ్యి, దాల్చా డేక్సాకు ఒక చెయ్యి ఆనించి కూర్చుంది. బండి సందు దాటి మార్కెట్ రోడ్డు ఎక్కిందో లేదో, అడుగున టక్‌మని చప్పుడైంది. వలి బాషా యాక్సిలరేటర్ నొక్కాడు. ఇంజను గర్జించింది గానీ బండి కదల్లేదు. ఇంకా నొక్కాడు. గర్జన పెరిగింది. టీ కొట్టు దగ్గరున్న వాళ్లు గ్లాసులతో సహా ఇటు తిరిగారు. స్టీరింగు వెనక మీటర్ల మధ్య ఎర్రటి గుర్తు ఒకటి వెలిగింది. లివరు అటూ ఇటూ తోశాడు. ముందుకు పోయే గేరు పడలేదు. వెనక్కి పోయే గేరు మాత్రం ఏ పేచీ పెట్టకుండా పడింది.

"ఏమైంది బాషా?" అడిగింది ఉమ్మే హబీబా.

"ఏం లేదత్తా. ఎనక కెమెరా సరింగా ఉండాదా లేదా అని సూస్తాండా."

కొత్త బండిని నడిరోడ్డు మీద పెట్టి దిగడానికి ఆయనకు ప్రాణం ఒప్పలేదు. అద్దంలో చూసుకుంటూ, సందులోకి, తన ఇంటివైపుకు, వెనక్కే నడపసాగాడు. మనుషులు గోడలకు అతుక్కుని దారి ఇచ్చారు.

"ఏం బాషన్నా, ఎనక్కి పోతాండావే?" కిటికీ పక్కన నడుస్తూ అడిగాడు ఎదురింటి యోగానంద.

"టెస్టింగప్పా. కొత్త బండ్లకు అప్పుడప్పుడు చెయ్యాల."

"నాకెవురూ చెప్పలేదే!" అని యోగానంద ఇంట్లోకి పరిగెత్తాడు. వలి బాషా గేటు చేరేసరికి యోగానంద పన్నెండేళ్ల పాత కారు కూడా సందులో వెనక్కి వస్తూ కనిపించింది.

ఉమ్మే హబీబా దిగి, నడుం సవరించుకుని, బండిని ఆ కొస నుంచి ఈ కొసదాకా చూసింది. "నాలుగు నెలల బండి. అప్పుడే యట్లా చెడిపోతాది?"

యట్లా చెడిపోయిందో వలి బాషాకు తెలుసు, లేదా తెలుసని అనుకున్నాడు. సోమవారం ఆయన ఐరాల దగ్గర కుప్పయ్య అనే రైతు ఇంటికి బీరువా కొలతలకు వెళ్లాడు. అక్కడ కుప్పయ్య బెల్లం మినీ లారీ బురదలో దిగబడి ఉంది. నలుగురూ చూస్తుండగా "నా బండి ఉండగా ట్రాక్టరు యాలప్పా?" అనేశాడు. తాడు కట్టి లాగాడు. లారీ బయటికొచ్చింది. చప్పట్లు కొట్టారు. తిరిగి వచ్చేటప్పుడు అడుగున టక్‌మని వినబడింది. ఆ సాయంత్రం తన షెడ్డులో, రంగు వేయని ఒక బీరువా తలుపు చాటున నిలబడి వారంటీ పుస్తకం చదివాడు. ఇతర వాహనాలను లాగితే వారంటీ వర్తించదని అందులో స్పష్టంగా ఉంది. పుస్తకాన్ని ఆ బీరువాలోనే పెట్టి తాళం వేశాడు.

ఇప్పుడు అత్తగారు జవాబు కోసం చూస్తోంది. ఖమర్ జహాన్ చూస్తోంది. యోగానంద కూడా కారు ఆపి చూస్తున్నాడు.

"ఆ మాట మీ కొడుకును అడగాల అత్తా," అన్నాడు వలి బాషా. "ఆదివారం తోలినాడు కదా."

అనాలని అనుకోలేదు. అయినా అన్నాడు. అత్తగారి ముఖం చిన్నబోవడం చూశాడు. చూసి కూడా, "కాదులే" అనలేదు.

బండిని ఒక పెద్ద లారీ ఎక్కించుకుని తిరుపతి సర్వీసు కేంద్రానికి తీసుకుపోయింది. ఆడవాళ్లిద్దరూ డేక్సాలతో నగరి బస్సు ఎక్కారు. షెడ్డు ప్రారంభంలో బస్సులో ఎందుకు వచ్చారని అందరూ అడిగారు. ఉమ్మే హబీబా కళ్లొత్తుకుంటూ తను విన్నది చెప్పింది. భోజనాల వేళకు ఆ పది అడుగులు బైపాస్ రోడ్డు దాకా సాగాయి. రెండో వరస కూర్చునేసరికి నిస్సార్ బండిని గోడకు గుద్దాడు. మూడో వరసలో ఎవరో దూరపు చుట్టం నిస్సార్‌కే ఫోన్ చేసి, ఏ ఆసుపత్రిలో ఉన్నావని అడిగాడు.

నాలుగున్నరకు నిస్సార్ బడి నుంచి తిన్నగా బావ ఇంటికి వచ్చాడు. చేతులకు ఇంకా సుద్దముక్క పొడి ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"దుల్హాభాయ్," అన్నాడు. అక్క మొగుణ్ని అతను అలాగే పిలుస్తాడు. "బ్రేకు మీద కాలు సరింగా పెట్టకుండానే లివరు లాగినానేమో. జ్ఞాపకం రావడంలే. మద్యాన్నం నుంచి అదే ఆలోచిస్తాండా. క్లాసులో భాగహారం తప్పు చేసినా. పిల్లోళ్లు దిద్దినారు."

నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. వలి బాషా నోరు తెరిచాడు కూడా. కానీ అందులోంచి వచ్చింది వేరు.

"పోనీలే నిస్సార్. తెలీక చేసినావు. మనలో మనం ఇట్లాంటివి మనసులో పెట్టుకుంటే యట్లా? నేను మాఫ్ చేసేసినా."

నిస్సార్ కళ్లు చెమర్చాయి. రెండు చేతులతో బావ చెయ్యి పట్టుకున్నాడు. అతను వెళ్లాక వలి బాషా తన అరచేతికి అంటిన సుద్దపొడి చూసుకున్నాడు. కుళాయి కింద రెండుసార్లు కడుక్కున్నాడు.

శనివారం బడికి సెలవు. పదకొండింటికి వలి బాషాకు ఫోన్ వచ్చింది. సర్వీసు కేంద్రంలో బండి వాళ్లతో మాట్లాడే ఉద్యోగి భానుచందర్ చేశాడు.

"సార్, మీ బావమరిది ఈడికొచ్చినారు. గేర్‌బాక్స్ పోయింది తన పొరపాటు వల్లేనని లెటర్ రాసిచ్చినారు. ఈ లెటర్ ఫైల్లో ఉంటే వారంటీకి..."

మిగతాది వినడానికి వలి బాషా ఆగలేదు. ఫోన్ పెట్టేసి చెప్పులు వెతుక్కున్నాడు. ఖమర్ జహాన్ తనూ వస్తానంది. కొడుకును అంత దూరంలో ఒంటరిగా తిట్లు తిననివ్వనని ఉమ్మే హబీబా కూడా చెప్పులు వేసుకుంది. ముగ్గురూ తిరుపతి బస్సు ఎక్కారు. దారి పొడుగునా వలి బాషా ఒక్కటే ఆలోచించాడు. నిస్సార్ తప్పు లేదని నిరూపించాలి, అలాగని అది తన తప్పని బయటపడకూడదు. ఆ రెండింటి మధ్య నిలబడటానికి చోటు ఉందేమోనని తిరుపతి దాకా వెతుకుతూనే ఉన్నాడు.

సర్వీసు కేంద్రంలో అద్దాల గది చల్లగా ఉంది. నిస్సార్ సోఫా అంచున పరీక్షకొచ్చినవాడిలా కూర్చుని ఉన్నాడు. వాళ్లను చూడగానే భానుచందర్ లేచాడు. "సార్, నేను చెప్పేది..."

"నేను చెప్తా, ఇనండి," అన్నాడు వలి బాషా ఆయాసపడుతూ. "మా నిస్సార్ ఏం చెయ్యలేదు. పది అడుగులు తీసినాడు, అంతే. పది అడుగులకు యా బండన్నా చెడిపోతాదా?"

"ఆ మాట గురువారం యాడికి పోయింది?" అంది ఉమ్మే హబీబా. "నగరిలో నలభై మందిలో నా కొడుకు పరువు పోయిందే!"

"లేదమ్మా, నేనే..." అన్నాడు నిస్సార్.

"సార్, ఒక్క నిమిషం..." అన్నాడు భానుచందర్.

"నువ్వు గమ్మునుండు నాయనా," అని ఉమ్మే హబీబా అతణ్ని కూర్చోబెట్టింది.

అప్పటిదాకా మాట్లాడని ఖమర్ జహాన్ ముందుకొచ్చింది. "ఉండండి. తమ్ముడు తోలింది ఆదివారం. సోమవారం మీరు ఐరాల పోయినారు కదా, ఆ కుప్పయ్య ఇంటికి. ఆ పొద్దు బండి బాగుండిందంటే నా తమ్ముడి తప్పు లేనట్టే కదా? ఆయన్నే అడిగితే సరి." మొగుడి చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"కుప్పయ్య పొలంలో ఉంటాడు. ఆడ సిగ్నల్ దొరకదు," అన్నాడు వలి బాషా.

సిగ్నల్ మొదటి రింగుకే దొరికింది. ఖమర్ జహాన్ స్పీకర్ నొక్కి, సోమవారం తమ బండి బాగా నడిచిందా అని అడిగింది.

"బాగా నడిసిందా అని అడగతాండావా తల్లీ?" కుప్పయ్య గొంతు గదంతా నిండింది. "నా మినీ లారీ నిండా బెల్లం. ఇరుసు దాకా బురదలో దిగబడింది. బాషన్న తాడు కట్టి ఒగటి కాదు, నాలుగు తూర్లు లాగినాడు. బురదంతా ఎగిరి నా మొకాన పడింది. అయినా అన్న యాక్సిలేటర్ మీద కాలు తీస్తే గదా! ఏనుగు తల్లీ అది, ఏనుగు! ఎవురికీ చెప్పొద్దన్నాడు మల్ల. గొప్పలు చెప్పుకోని మనిషి!"

ఖమర్ జహాన్ ఫోన్ పెట్టేసింది. వలి బాషా నేల మీది టైల్స్ చూస్తూ నిలబడ్డాడు. బీరువాలు చేసే మనిషికి మొదటిసారి ఒక బీరువాలో దూరి తలుపు వేసుకోవాలనిపించింది.

"ఇప్పుడన్నా నేను చెప్పొచ్చా సార్?" అన్నాడు భానుచందర్. బల్ల మీది కాగితం తీశాడు. "నిన్న గేర్‌బాక్స్ విప్పినారు. లోపల ఒక చిన్న భాగం ఫ్యాక్టరీలోనే పగులు పట్టి వచ్చింది. దీంతోబాటు తయారైన ఇంకో మూడు బండ్లకు కూడా ఇట్లే అయ్యింది. బురదలో లాగినందుకు పోయుంటే క్లచ్ పలకలు మాడిపోయుండాల. అవి కొత్తవాటి మాదిరే ఉండాయి. కంపెనీనే కొత్త గేర్‌బాక్స్ వేసిస్తాది. ఫోన్లో ఇదే చెప్దామనుకుంటి. ఈ లెటర్ ఫైల్లో ఉంటే పైవాళ్లు లేనిపోని ప్రశ్నలు అడగతారు, వెనక్కి తీసుకోండని."

అంటే ఎవరి తప్పూ లేదు. కుప్పయ్య లారీది కాదు, నిస్సార్‌ది కాదు, చివరికి వలి బాషాది కూడా కాదు. గురువారం అత్తగారు అడిగినప్పుడు "ఏమో, తెలీదత్తా" అని ఊరుకుని ఉంటే, అది అబద్ధం కూడా అయ్యేది కాదు. ఈ ఆలోచన వచ్చాక ఆయనకు టైల్స్ వైపు చూడటం కూడా కష్టమైంది.

నిస్సార్ లేచి తన లెటర్ తీసుకున్నాడు. నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"దుల్హాభాయ్," అన్నాడు. "గురువారం మీరు నన్ను మాఫ్ చేసినారు కదా. దాన్ని నేనిప్పుడు ఏం చేసుకోవాల?"

ఎగతాళి కాదు. లెక్క పూర్తయ్యాక మిగిలిపోయిన అంకెను ఎక్కడ వేయాలో తెలియనివాడిలా నిజంగానే అడిగాడు.

"తిరిగి ఇచ్చేయ్," అంది ఉమ్మే హబీబా.

తిరుగు బస్సులో వలి బాషా నిస్సార్ పక్కన కూర్చుని, తప్పు నాదే అన్నాడు. నిస్సార్ "సరే" అన్నాడు. బావ మళ్లీ అన్నాడు. నిస్సార్ మళ్లీ "సరే" అన్నాడు. ముందు సీట్లోంచి ఉమ్మే హబీబా తల తిప్పకుండానే, "వాడి చెవిలో చెప్తే సరిపోదు. పరువు యాడ పోయిందో ఆడ తెచ్చియ్యాల," అంది.

మూడు వారాలకు బండి వచ్చింది. ఆ ఆదివారమే అందరూ నగరి బయలుదేరారు. వలి బాషా తాళం నిస్సార్ చేతిలో పెట్టాడు. నిస్సార్ వద్దన్నాడు, చేతులు వెనక్కి కట్టుకున్నాడు. చివరికి అక్క కసిరితే ఎక్కి, నలభై దాటకుండా నడిపాడు. వెనకొచ్చిన ప్రతి లారీ హారన్ కొట్టి దాటిపోయింది. వెనక సీట్లో ఒదిగి కూర్చున్న వలి బాషా ఒక్కసారి కూడా "రొంత తొక్కు" అనలేదు.

ఆయన వస్తున్నాడని తెలిసి చుట్టాలంతా షెడ్డులో చేరారు. మగ్గాలు నడుస్తున్నాయి. వలి బాషా గొంతు సవరించుకుని, "నిస్సార్ ఏ తప్పూ చెయ్యలేదు" అన్నాడు. ఎవరికీ వినబడలేదు. ఒకాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని "ఆఁ?" అన్నాడు. వలి బాషా మళ్లీ గట్టిగా అన్నాడు. ఈసారి ఇద్దరు తలూపారు గానీ, వాళ్లకూ ఏమీ వినబడలేదని వాళ్ల నవ్వులే చెప్పాయి. ఇక లాభం లేదని కళ్లు మూసుకుని, ఊపిరంతా పోగుచేసి అరిచాడు. ఆయన మాట వినబడాలని వదినగారు సరిగ్గా అప్పుడే మగ్గాల స్విచ్చి ఆపింది.

"అబద్ధం చెప్పింది నేనే!"

నిశ్శబ్దంలో ఆ కేక రేకుల కప్పుకు తగిలి, షెడ్డు ఆ చివరిదాకా పోయి, వీధిలోకి కూడా వెళ్లింది. అటుగా పోతున్న సైకిలతను ఒక కాలు నేల మీద పెట్టి లోపలికి తొంగి చూశాడు. ఉమ్మే హబీబా కొంగు సర్దుకుని, కొడుకును పిలిచి తన పక్కన కూర్చోబెట్టుకుంది.

వలి బాషా జేబులో ఫోన్ మోగింది. అంతమంది ముఖాలు చూడటం కంటే అదే నయమనుకుని ఎత్తాడు.

"నమస్కారం సార్, కంపెనీ కస్టమర్ కేర్ నుంచి మాట్లాడుతున్నాను," అంది ఒక అమ్మాయి తియ్యగా. "గేర్‌బాక్స్ మార్చాక ఇంకేమైనా లోపం మీ దృష్టికి వచ్చిందా సార్?"

వలి బాషా తనవైపే చూస్తున్న నలభై మందిని ఒకసారి చూశాడు.

"బండిలో లేదమ్మా," అన్నాడు.