సగం నాకియ్యి

గంగాధరప్ప ఆ పొద్దున రెండు గట్టి నిర్ణయాలతో మగ్గం గుంతలో దిగాడు. సాయంత్రానికల్లా పెళ్లి చీర కొంగు ముగించాలి. మడకశిర మాట తలుచుకోకూడదు. మొదటిది చేతిలో పని. రెండోదాని కోసమే అంత పొద్దున్నే దిగాడు.

మడకశిర ఆయన భార్య నాగలక్ష్మమ్మ పుట్టిల్లు. రెండో కాన్పుకని వెళ్లింది. బిడ్డ నామకరణానికి ఈయన పోలేదు. చేతినిండా పని ఉన్నప్పుడు మగ్గం ఎవరు ఆపుతారు? "వచ్చి పిల్చుకొనిపోతేనే వస్తా" అని ఆమె కబురు చేసింది. "దావ తెలీదా ఏం" అని ఈయన తిరుగు కబురు చేశాడు. అప్పటినుంచి అక్కడ ఆమె, ధర్మవరంలో ఈయన బిగుసుకుని కూర్చున్నారు. మధ్యలో ఐదేళ్ల కదిరమ్మ తల్లి కోసం అలమటించిపోతోంది. ఆ మాట ఎత్తితే నాయన మొహం అదోలా అయిపోతుందని ఇంట్లో నోరెత్తదు.

అందుకని ఆ పొద్దున అరుగు మీద పక్కింటి యేసన్నకు చెప్పుకుంది. వాడిదీ అదే వయసు.

"అమ్మ మతికొస్తే ఈడ ఏందో ఎక్కి కూచుంటాది," అని గుండె మీద చెయ్యి వేసి చూపించింది.

"బరువుంటాదా?"

"శానా. కూడు గూడా దిగదు."

యేసన్న దగ్గరకు జరిగాడు. "మా మేకపిల్లను అమ్మినప్పుడు నాకూ అట్లనే ఎక్కింది. సగం నాకియ్యి. ఇద్దరం మోద్దాం."

కదిరమ్మ తన గుండె మీదినుంచి పిడికెడు తీసి వాడి గుండె మీద పెట్టింది. వాడు దాన్ని జాగ్రత్తగా ఎత్తుకుపోయాడు గానీ ఒక్కడివల్ల కాలేదు. మూలింటి సుబ్బలక్ష్మమ్మ పిల్లలకు కొంత ఇచ్చాడు. వాళ్లు ఎదురింటివాళ్లకు ఇచ్చారు.

మధ్యాహ్నానికి వీధిలోని పిల్లలందరూ గుండె మీద చేతులు వేసుకుని అరుగుల మీద కూర్చున్నారు. కూడు దిగదని ఇచ్చినవాళ్లు ముందే చెప్పారు కాబట్టి ఎవరూ ముద్ద ముట్టలేదు. అరవలేదు, కొట్టుకోలేదు. తల్లులకు అసలు భయం పుట్టింది అక్కడే.

"ఏమైందిరా?" అంది సుబ్బలక్ష్మమ్మ.

"ఈడ ఎక్కి కూచున్నాది," అన్నాడు ఆమె కొడుకు. "కదిరమ్మ ఇంటినుంచి వచ్చినాది."

ఇది ఐసు తిన్నందువల్లేనని ఆమె తేల్చేసింది. అంతలో ఐసుబండివాడు గంట కొట్టుకుంటూ రానే వచ్చాడు. తల్లుల చేతుల్లో చీపుళ్లు చూసి వచ్చిన దారినే బండి తోసుకుంటూ పరుగెత్తాడు. ఐసు కాదు, దిష్టి అని ముసలి రామసుబ్బమ్మ మిరపకాయలు నిప్పుల్లో వేసింది. ఆ ఘాటుకు వీధంతా దగ్గుతున్న సమయానికి కాంపౌండరు వచ్చాడు. దగ్గు విన్నాడు, ఇంకేమీ చూడలేదు. "ఇది అంటురోగమప్పా, ఈ వీధిలోకి ఎవురూ రాకండి," అని తానే మొదట వెళ్లిపోయాడు. చీర కోసం వచ్చిన షావుకారు బదరీనారాయణ వీధి మొదట్లోనే ఆగి, "చీర నీ కాడనే పెట్టుకోప్పా," అని కేకేసి తిరిగిపోయాడు. మడకశిర బస్సు కండక్టరు హనుమంతరాయుడు వీధి చివర కొట్లో టీ తాగుతూ అంతా విన్నాడు. ఆయన నాగలక్ష్మమ్మకు పెదనాన్న కొడుకు.

రోగం పుట్టింది తన ఇంట్లోనేనని నలుగురూ అనేసరికి గంగాధరప్ప గుంతలోంచి పైకి వచ్చి కూతురిని ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు.

"ఏం జరిగినాది తల్లీ?"

"అందరికీ పంచినా నాయనా. అయినా అయిపోలే."

"ఏం పంచినావు?"

"అమ్మ మతికొచ్చేది." కదిరమ్మ గొంతు తగ్గించింది. "నీది గూడా తీసుకోమని యేసన్నను అడిగినా. పెద్దోళ్లది బరువుంటాది, మోయలేనన్నాడు."

"నాకేముండాది?"

"ఉండాది. అమ్మ చీర తల కింద పెట్టుకొని పండుకుంటావు కదా."

గంగాధరప్ప ఇన్నాళ్లూ మగ్గం చప్పుడులో దాచుకున్నదంతా ఐదేళ్ల పిల్ల ఎప్పుడో చూసేసింది. నాగలక్ష్మమ్మ లేని ఇల్లు ఆయనకు బొత్తిగా నచ్చలేదు. అంతే సంగతి. అది ఒప్పుకోవడానికి వీధి వీధంతా పస్తుండవలసి వచ్చింది.

మర్నాడు ఉతికిన పంచె కట్టుకుని, కదిరమ్మను భుజాన ఎత్తుకుని బస్టాండుకు వెళ్లాడు. మడకశిర పోయే బస్సు ఎక్కబోతుంటే, మడకశిర నుంచి వచ్చిన బస్సు పక్కనే ఆగింది. చంకలో పసిబిడ్డతో, దువ్వని తలతో నాగలక్ష్మమ్మ దిగింది. కదిరమ్మ తండ్రి భుజం మీదినుంచే తల్లి మెడకు చుట్టుకుపోయింది. నాగలక్ష్మమ్మ కూతురి ఒళ్లంతా తడిమి చూసి, తర్వాత మొగుణ్ణి ఎగాదిగా చూసింది.

"నీకు గూడా తగులుకున్నాది, లేచేట్లు లేవని హనుమంతరాయుడు చెప్పినాడు. బాగనే నిలబడుకున్నావే."

కండక్టరుది వట్టి కోతల నోరని అందామనుకున్నాడు గంగాధరప్ప. నోటికి వేరే మాట వచ్చింది.

"తగులుకున్నమాట నిజమే. నాకే నిన్న తెలిసినాది."

ఆమె కళ్లు చెమర్చాయి గానీ, మాట మాత్రం వదల్లేదు. "ఇంతకీ యాడికి బయలుదేరినావు?"

"నిన్ను పిల్చుకొని రానే పోతాండా."

"అయితే నేను పిలవకుండా వచ్చినట్టు కాదు," అని పసిబిడ్డను ఆయన చేతుల్లో పెట్టింది.

ఆ మధ్యాహ్నం వీధిలో పిల్లలందరూ రెండేసి ముద్దలు ఎక్కువే తిన్నారు. ఐసుబండివాడు మాత్రం ఆ ఎండాకాలమంతా అటు తొంగి చూడలేదు. ఇప్పుడు పిల్లలు వాడి మీద బెంగను సమానంగా పంచుకుంటున్నారు.